చదరంగం లెక్కలో ఒక 4 ఎగిరిపోయింది

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం పిల్లల పేజీలో చదరంగం కథ వేశారు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, అలా రెట్టింపు చేసుకుంటూ 64 గడులూ నింపమని రాజుగారిని అడిగిన పాత కథే. కథ బాగుంది కానీ చివర్లో మొత్తం తప్పు పడిందండీ. 1844674073709551615 అని అచ్చేశారు. 19 అంకెలే ఉన్నాయి. అసలు సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. మధ్యలో ఒక 4 ఎగిరిపోయింది.

ఇంత పెద్ద సంఖ్యలో తప్పెలా పట్టావు, ఫోన్లో చూశావా అని ఇంట్లో వాళ్లూ అడిగారు. అదేం లేదు. నేను రైస్ మిల్లులో గుమస్తాగా చేసి రిటైరైనవాణ్ణి, పెద్ద మొత్తం కనబడితే అంకెలు కూడి చూడటం అలవాటు. మీరు వేసినదాన్ని కూడితే 83 వచ్చింది, మూడో ఎక్కంలో పోదు. కానీ ఈ మొత్తం పోయి తీరాలి. గడుల్ని జతలుగా చూడండి: 1, 2 కలిస్తే 3. 4, 8 కలిస్తే 12. 16, 32 కలిస్తే 48. ప్రతి జతా ముందు జతకి నాలుగు రెట్లు, కాబట్టి అన్నీ మూడో ఎక్కంలోవే, మరి వాటి మొత్తం ఎక్కడికి పోతుంది? ఆ 4 చేరిస్తే 87, సరిపోయింది.

మొదటి వరస ఎనిమిది గడులు కూడితే 255, అంటే 15 పదిహేడులు. కింది వరసలన్నీ దాని రెట్లే కాబట్టి మొత్తం 17తోనూ పోతుంది.

అసలు తమాషా సగం బోర్డు దగ్గరుంది. మొదటి 32 గడుల మొత్తం 4,29,49,67,295. దీన్ని దానికంటే రెండు ఎక్కువైన 4,29,49,67,297తో గుణిస్తే బోర్డు మొత్తం వచ్చేస్తుంది. ఈ రెండోది ప్రధాన సంఖ్యేనని ఫెర్మా అంతటి గణితవేత్త నమ్మాడు. 1732లో ఆయిలర్ అనే మరో గణితవేత్త దాన్ని 641 × 67,00,417గా విడగొట్టి చూపించాడు. అంటే రాజుగారి గింజల్ని 641 మందికి ఒక్కటీ మిగలకుండా సమానంగా పంచొచ్చన్నమాట. మీ లెక్క ప్రకారమైతే ముగ్గురికి పంచినా రెండు గింజలు మిగులుతాయి!

మిల్లు మనిషిని కదా, తూకం వేయకుండా ఉండలేకపోయాను. వెయ్యి గింజలు 20 గ్రాములనుకుంటే దాదాపు 37 వేల కోట్ల టన్నులు.

సవరణ వేసేటప్పుడు దయచేసి కామాలు పెట్టి, సంఖ్య రెండు లైన్లకి విరగకుండా వేయండి. మా మనవరాలు ఆ పేజీ కత్తిరించి నోట్సులో అంటించుకుంది. నేను పెన్నుతో 4 చేర్చబోతే ఒప్పుకోలేదు, పేపర్లో ఉన్నదే కరెక్టట.

- ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం