లీ ఎందుకు మారలేదంటే, బాబాయ్

క్విన్సీ, మసాచుసెట్స్

బాబాయికి, పిన్నికి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. పిల్లాడికి జలుబు తగ్గింది. పిన్ని పంపిన కందిపొడి అడుగంటింది. ఇక అసలు సంగతికి వస్తాను. మొన్న ఫోన్లో మీరు నన్ను మాట్లాడనిస్తేగా!

‘మాంచెస్టర్ బై ద సీ’ సినిమా చూడమన్నది నేనే కాబట్టి తిట్లూ నాకే. “రెండుంబావు గంటలు కూర్చోబెట్టి, చివరికి ఆ మనిషి మారకపోతే ఇంక సినిమా దేనికి?” అన్నారు. మీరు కాకినాడలో కూర్చుని అన్న మాటే ఇక్కడివాళ్లూ అంటున్నారు. 2017లో దీనికి రెండు ఆస్కార్లు వచ్చాయి. కథానాయకుడు లీ వేషం వేసిన కేసీ అఫ్లెక్‌కి ఉత్తమ నటుడిగా ఒకటి, రాసి తీసిన కెన్నెత్ లోనర్గన్‌కి స్క్రీన్‌ప్లేకి ఒకటి. అయినా సినిమా మాటెత్తితే చాలు, మనుషులు రెండు జట్లుగా విడిపోతారు. మా ఆఫీసులో ఒకావిడ, చిన్న పిల్లల తల్లి, ఇల్లు కాలిపోయే సీను దగ్గర ఆపేసి మళ్లీ పెట్టలేదట. ఇంకొకాయన “ఏమీ జరగదు, పరమ నెమ్మది” అని తేల్చేశాడు. లీ పొరపాటు వల్ల అతని ముగ్గురు పిల్లలు మంటల్లో పోతారు, అన్న జో గుండెజబ్బుతో పోతాడు, లీ పోలీస్ స్టేషన్లోనే తుపాకీ లాక్కుని కాల్చుకోబోతాడు. ఇంత జరిగాక కూడా ఏమీ జరగలేదంటే, ఆయన ఎదురుచూసింది లీ బాగుపడటం కోసమే అయ్యుంటుంది. మీరూ అంతే.

మా కింది వాటాలో ఉండే పెద్దాయన పుట్టి పెరిగింది ఈ తీరంలోనే. ఆయనైతే ఈ సినిమాకి నవ్వాడు! ఇల్లు తగలబడిన రాత్రి లీ భార్య రాండీని అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే స్ట్రెచర్ కాళ్లు మడతపడక అక్కడివాళ్లు తంటాలు పడతారు చూడండి, అక్కడ. నాకు ఊపిరాడలేదు, ఆయనకి నవ్వొచ్చింది. “మా ఇళ్లలో చావులు ఇలాగే ఉంటాయమ్మా, సరిగ్గా ఆ టైముకే ఏదో ఒకటి ఇరుక్కుంటుంది” అన్నాడు. తాతయ్య పోయిన రోజు పంతులుగారి స్కూటర్ స్టార్ట్ కాక మీరూ నాన్నా వీధి చివరిదాకా తోశారే, అది గుర్తొచ్చి నేనూ నవ్వేశాను.

మీకు నమ్మబుద్ధి కాలేదన్న ఇంకో విషయం, జో శవాన్ని నెలల తరబడి ఫ్రీజర్లో ఉంచడం. అది కల్పన కాదు బాబాయ్. చలికాలంలో ఇక్కడ నేల రాయిలా బిగుసుకుపోతుంది. పూడ్చడాన్ని వసంతానికి వాయిదా వేయడం ఈ ప్రాంతంలో పాతకాలం నుంచీ ఉన్నదే. సాయంత్రానికల్లా దహనం అయిపోవాలనుకునే మనకి వింతగా ఉంటుంది గానీ, కథంతా ఆ వాయిదా మీదే నడుస్తుంది. ఏ మాంచెస్టర్ ఊళ్లో తలెత్తుకు తిరగలేక లీ పారిపోయి మా క్విన్సీలో మరుగుదొడ్లు బాగుచేస్తూ, మంచు ఎత్తిపోస్తూ బతుకుతున్నాడో, మళ్లీ అదే ఊళ్లో చలి తగ్గేదాకా ఇరుక్కుపోతాడు. జో కొడుకు, ఆ కుర్రాడు పాట్రిక్, తండ్రి పోయాడని తెలిసినప్పుడు ఏడవలేదని మీరు విసుక్కున్నారు. వాడు ఏడుస్తాడుగా! ఫ్రిజ్ తెరవగానే గడ్డకట్టిన చికెన్ ప్యాకెట్లు మీద పడితే, నాన్న ఎక్కడున్నాడో గుర్తొచ్చి కుప్పకూలిపోతాడు.

అయినా నాకు తెలియక అడుగుతాను, దేవదాసు మారాడా? 1953 నాటి ఆ సినిమాని ఎప్పుడు టీవీలో వేసినా మీరు కళ్లు తుడుచుకుంటూనే చూస్తారు కదా. నాగేశ్వరరావుగారు చివరికి పార్వతి గుమ్మం ముందు పోతారే గానీ మందు మానలేదు, ఇంకో పెళ్లి చేసుకోలేదు. అక్కడ అడగని ప్రశ్న లీని ఎందుకు అడుగుతున్నారు? నాకు తోచింది చెప్తాను. దేవదాసు బాధని పాటలు మన దగ్గరికి మోసుకొచ్చాయి. లీ తరఫున మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. తాగి పరాయివాళ్ల మీద చేయి చేసుకుంటాడు, అడిగినదానికి ముక్తసరిగా జవాబు చెప్తాడు. తాను దీన్ని గెలవలేకపోతున్నానని ఒక్కసారి మాత్రం పాట్రిక్‌తో నోరు విప్పి అంటాడు.

మారలేదు గానీ ఊరికే కూర్చోలేదు. అన్న పడవని పాట్రిక్ అమ్మనివ్వడు, దాని ఇంజన్ పాడైపోయింది. లీ తన అన్న తుపాకులు అమ్మి కొత్త ఇంజన్ కొంటాడు. తాను ఆ ఊళ్లో ఉండలేనని తెలిసి, కుర్రాడిని దత్తత తీసుకోమని అన్న స్నేహితుడు జార్జ్‌ని ఒప్పిస్తాడు. బోస్టన్‌లో ఇంకో గది ఉన్న ఇల్లు వెతుకుతున్నానంటాడు. ఎందుకని అడిగితే, నువ్వు అప్పుడప్పుడు రావడానికి అంటాడు. ఒంటిగదిలో బతికిన మనిషి అడిగిన ఆ రెండో గది నాకు చాలు. ఇంకొకటి మీరు గమనించారో లేదో, సామాను సర్దేటప్పుడు మూడు ఫోటో ఫ్రేములు జాగ్రత్తగా చుట్టి పెట్టుకుంటాడు. వాటిలో ఎవరున్నారో మనకి చూపించరు. తర్వాత పాట్రిక్ చూస్తాడు, వాడి మాట తీరే మెత్తబడుతుంది.

అన్నిటికీ వత్తాసు పలకడం లేదు. మంటల సీన్లో పాతకాలపు ఇటలీ సంగీతకారుడు అల్బినోని పేరుతో చలామణీ అయ్యే ఆ అడాజియో అనే విషాద సంగీతాన్ని నిమిషాల తరబడి మోగించారు, అది నాకూ నచ్చలేదు. ఎన్ని సినిమాల్లో వాడేశారో దాన్ని. అక్కడ మౌనంగా వదిలేసినా మనం ఏడ్చేవాళ్లమే.

ఇక లీ భార్య రాండీ గురించి పిన్ని వెనకనుంచి అన్న మాట. “ఆ పిల్లలు ఆవిడకీ పిల్లలేగా, ఆవిడ కథ ఏదీ?” దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. రాండీ వేషం వేసిన మిషెల్ విలియమ్స్‌ తెర మీద ఉన్నదే కాసేపు. వీధిలో బిడ్డని తోపుడు బండిలో పెట్టుకుని ఎదురుపడి, తానన్న మాటలకి క్షమించమని ఏడుస్తూ, ఒకసారి భోజనానికి రమ్మని బతిమాలే ఆ ఒక్క సీనుతోనే ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లిందంటారు. అంత నటిని పెట్టుకుని, రాండీ ఆ రోజులు ఎలా దాటిందో, మళ్లీ పెళ్లికి ఎలా సిద్ధపడిందో చూపకపోవడం అన్యాయమే. పాట్రిక్ తల్లినీ అలాగే ఒక భోజనం సీనుతో సరిపెట్టేశారు. మగవాడి దుఃఖానికి రెండుంబావు గంటలు, ఆడదాని దుఃఖానికి ఒక వీధి మలుపు. మీకంటే పిన్నే బాగా చూసింది, చెప్తున్నాను.

జూన్‌లో వస్తారుగా, బోస్టన్ నార్త్ స్టేషన్లో రాక్‌పోర్ట్ రైలెక్కి మాంచెస్టర్ వెళ్దాం. మీరు చూసిన రేవులన్నీ అక్కడే ఉంటాయనుకోకండి, చాలావరకు పక్కనున్న గ్లోస్టర్, బెవర్లీ లాంటి ఊళ్లలో తీశారు. ఈలోగా కుదిరితే రెండోసారి చూడండి. పిన్నిని అడగడం లేదు, మీరే.

వచ్చేటప్పుడు కందిపొడి మర్చిపోవద్దు. బీపీ మాత్రలు వేసుకుంటున్నారా?

మీ
చిన్ని