శ్రీకాకుళం కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: మా పిల్లలకి తిత్లీ తుపాను గురించి చెప్పించండి

కలెక్టర్ గారూ, నమస్కారం.

మా ఉద్దానం పిల్లల్ని అడిగితే ఇటలీలోని పాంపీ నగరాన్ని అగ్నిపర్వతం క్రీ.శ. 79లో కప్పేసిందని టక్కున చెప్తారు, బానే ఉంది, కానీ 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వాళ్ల కొబ్బరి, జీడి తోటల్ని ఎందుకు పడగొట్టిందో చెప్పలేరు. వెచ్చటి సముద్రం మీద లేచే ఆవిరే తుపానుకి బలం, నేల మీదకి వచ్చాక అది అందక నీరసిస్తుంది, అందుకే మొదటి దెబ్బ తీరం ఊళ్లకి అని ఐదో క్లాసు వాడికైనా అర్థమయ్యేలా చెప్పొచ్చు కదండీ. తుపాను కన్ను మన మీదకి వచ్చి గాలి ఆగితే బయటికి రావద్దని, కాసేపటికి అది ఎదురు దిక్కు నుంచి తిరగబడుతుందని కూడా. ప్రాణం నిలబెట్టే ముక్క ఇది.

మనుషులు తెచ్చిపెట్టినవీ చెప్పాలి. 1984 డిసెంబర్ 2 రాత్రి భోపాల్ పురుగుమందుల ఫ్యాక్టరీలో రసాయనం నిల్వ ఉన్న ట్యాంకులోకి నీళ్లు చేరి విషవాయువు ఊరి మీద పడింది. ఆ ట్యాంకుని చల్లగా ఉంచాల్సిన యంత్రాన్ని అప్పటికే ఆపేసి ఉంచారు (దీన్ని ప్రమాదం అనడానికి నాకు నోరు రాదు). ఆ వాయువు గాలి కంటే బరువు, నేలని పట్టుకుని పాకుతుంది.

పిల్లలు భయపడతారంటారా? ఏమీ తెలియకపోతేనే వాళ్లకి ఎక్కువ టెన్షన్.

ఏటా అక్టోబర్‌కి ముందే తీర మండలాల స్కూళ్లలో ఒక పూట కేటాయించి, పిల్లల్ని దగ్గర్లోని తుపాను షెల్టర్‌కి నడిపించుకెళ్లండి, తాళం ఎవరి దగ్గర ఉంటుందో చూపించండి, మత్స్యకార పెద్దల చేత మాట్లాడించండి. ర్యాలీలు, ఫ్లెక్సీలు మాత్రం వద్దు సార్.