బొమ్మల కథల పోటీకి జట్టుగా రానివ్వండి

సంపాదకులు గారికి,

మీ ఆదివారం పిల్లల పేజీలో బొమ్మల కథల పోటీ ప్రకటన చూసి మా బడి పిల్లలు ఎగిరి గంతేశారు. నిబంధనలు చదివాక చప్పబడిపోయారు. ఒక్కో ఎంట్రీ ఒక్కరి పేరు మీదే ఉండాలన్నారు మీరు. నేను గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. ఆ ఒక్క షరతు మార్చమని అడగడానికే ఈ ఉత్తరం.

మా తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు కలిసి ఒక స్ట్రిప్, అంటే గళ్లలో సాగే బొమ్మల కథ, వేస్తున్నారు. తాతతో మిర్చియార్డుకు వెళ్లే ఓ గడుగ్గాయి పిల్ల కథ. కథ రాసే అమ్మాయికి బొమ్మలు రావు. బొమ్మలు వేసే ఇద్దరిలో ఒకడి చేతిలో ఆ పిల్ల బొద్దుగా వస్తే, ఇంకొకడి చేతిలో బక్కగా వచ్చేది. అందుకని ముందు మోడల్ షీట్ వేయించాను. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఎలా ఉంటుందో అంతా ఒకే కాగితం మీద. పిల్ల ఎత్తు తన తలకు మూడింతలు, తాత ఎత్తు ఐదింతలు. జడ కొస మిరపకాయలా పైకి వంపు తిరగాలి. తాత కండువా ఎప్పుడూ ఎడమ భుజం మీదే. బొమ్మ లోపలంతా నల్ల ఇంకు నింపేసినా ఎవరెవరో తెలిసిపోవాలి, అదీ పరీక్ష. ఈ షీట్ మీద జరిగినన్ని గొడవలు మా స్టాఫ్ రూములో కూడా జరగవు.

పాత్రలు పుట్టేది ఆ గొడవల్లోంచే. 1959లో ఫ్రెంచి బొమ్మల కథ ఆస్టెరిక్స్ మొదలుపెట్టేటప్పుడు బొమ్మలేసే ఉడెర్జో వీరుడంటే భారీకాయుడే అనుకున్నాడు. కథ రాసే గోసినీ మాత్రం పొట్టివాడు, తెలివైనవాడు కావాలన్నాడు. గోసినీ మాటే నెగ్గింది గానీ ఉడెర్జోకు పెద్ద మనిషి మీద మోజు పోలేదు. ఆ మోజే ఒబెలిక్స్ అయి పక్కన నిలబడింది. ఒక్కరే కూర్చుని గీసుంటే ఈ జంట దొరికేదా? మనకు బాపు రమణలు ఉండనే ఉన్నారు, వేరే చెప్పాలా!

ఇక గళ్ల సంగతి. ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి ముందు మాట్లాడేవాళ్లు ఎడమవైపు ఉండాలి. లేకపోతే మాటలు రాసే బెలూన్ల తోకలు ఒకదాన్నొకటి దాటుకుని గజిబిజి అవుతుంది. తెలుగుకు ఇంకో చిక్కు కూడా ఉంది. పైన గుడులు, కింద ఒత్తులు, వరసల మధ్య చోటు ఎంతున్నా చాలదు. 'వెళ్లిపోతున్నావేమిటి' అన్న ఒక్క మాటే చిన్న బెలూన్ని నింపేస్తుంది. అందుకే మావాళ్లలో అక్షరాలు రాసే కుర్రాడు ముందు కూర్చుంటాడు. వాడు పెన్సిల్‌తో మాటలు రాసి చోటు తేల్చాకే గడిలోకి మనుషులు వస్తారు. మొన్న మూడు వరసల డైలాగును వాడు కుదరదు పొమ్మంటే, రచయిత్రి గొణుక్కుంటూనే 'తాతా, ఆగు!'తో సరిపెట్టింది. గడి ఎంత బాగుందో!

కాబట్టి ఇద్దరి నుంచి నలుగురి దాకా జట్టుగా పంపనివ్వండి, అచ్చులో అందరి పేర్లూ వేయండి. మోడల్ షీటు, పెన్సిల్ రఫ్ కూడా జత చేయమనండి. ఇంట్లో పెద్దవాళ్లు గీసిచ్చినవి ఇట్టే బయటపడతాయి. అచ్చులో స్ట్రిప్ ఎన్ని సెంటీమీటర్ల వెడల్పు వస్తుందో కూడా ప్రకటనలోనే చెప్పండి. ఏ4 కాగితం మీద వేసింది పత్రికలో రెండు కాలమ్‌ల వెడల్పుకు కుదిస్తే ఒత్తులు కనబడవు. వచ్చే ఆదివారం సవరణ వేస్తే మావాళ్లు ఇంకు పని మొదలుపెడతారు.

ఇట్లు,
ఒక డ్రాయింగ్ టీచర్,
గుంటూరు జిల్లా