8 సెకన్ల ముచ్చట

మాడ్రిడ్,
18 సెప్టెంబర్ 2023, రాత్రి పదకొండు దాటింది

ప్రియమైన సుబ్బూ,

ముందుగా ఆలస్యానికి క్షమించు. నీ ఉత్తరం ఆషాఢంలో అందింది. అధిక శ్రావణం పోయింది, నిజ శ్రావణం పోయింది, చవితి కూడా వచ్చేసింది. (చవితి ఇవాళా రేపా అన్నది ఇక్కడ మనవాళ్ళలో ఇంకా తేలలేదు. మా ఇంట్లో మాత్రం ఇవాళే ఉండ్రాళ్ళు వండేశారు.) రెండుసార్లు కాగితం తీశాను, రెండుసార్లూ నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోయాను. ఈ రాత్రి రాయకపోతే మాత్రం నాకు నిద్ర పట్టదు. మా పై అంతస్తులో ఉండే రావుగారు తెల్లవారకముందే విమానాశ్రయానికి బయలుదేరుతున్నారు. ఆయనది గుంటూరే. ఉత్తరం ఆయన చేతికిస్తే వారంలోపు నీ గుమ్మంలో ఉంటుంది. ఆయన వచ్చి తలుపు తట్టేలోగా ఎంత రాయగలిగితే అంత.

ఇంటి సంగతులు ఒక్క ముక్కలో. అందరం కులాసా, అమ్మ మోకాలు కాస్త నయం, చిన్నదానికి బడి మొదలైంది, ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. నువ్వు అడిగిన మందు వివరం వేరే చీటీలో రాశాను, అది చెల్లెమ్మకు ఇవ్వు. అంతే.

ఇక అసలు సంగతి. నిన్న సెప్ కుస్ గెలిచాడు సుబ్బూ!

నీకు ఆ పేరు తెలియదని నాకు తెలుసు. కానీ నీకే చెప్పాలి, ఇంకెవరికి చెప్పినా సగమే అర్థమవుతుంది. మూడు వారాలుగా ఇంట్లో నా ధోరణి చూసి మా ఆవిడ విసిగిపోయింది. 'పదహారో తూము' రోజు ఎలా ఉన్నానో గుర్తుంది కదా, అచ్చం అలాగే ఉన్నాను.

స్పెయిన్ దేశాన్ని మూడు వారాలపాటు సైకిళ్ళ మీద చుట్టే పందెం ఒకటుంది, వుయెల్టా అంటారు. ఫ్రాన్స్ వాళ్ళ టూర్, ఇటలీ వాళ్ళ జిరో లాంటిదే. ఈసారి ఆగస్టు 26న బార్సిలోనాలో మొదలై నిన్న మాడ్రిడ్‌లో ముగిసింది. 21 రోజుల పందెం, 3 వేల కిలోమీటర్ల పైమాటే. అన్ని రోజుల సమయమూ కలిపితే ఎవరిది తక్కువో వాళ్ళు ఎర్ర జెర్సీ వేసుకుంటారు. ఒక్కో జట్టుకు ఎనిమిది మంది. అందులో ఒకరో ఇద్దరో నాయకులు. మిగతావాళ్ళ పని ఏమిటో నీకు నేను చెప్పాలా? కాలవ గట్టు మీద కొల్లిపర నుంచి తెనాలి దాకా ఎదురుగాలిలో నువ్వు చేసిన పనే. ముందు తొక్కేవాడు గాలిని చీల్చుకుంటూ పోతాడు, వెనక వాడు ఆ గాలిచాటున సగం కష్టంతో వచ్చేస్తాడు. ఈ ముందుండి తొక్కేవాళ్ళను ఇక్కడ గ్రెగారియోలంటారు. వెనక కారు దాకా వెళ్ళి నీళ్ళ సీసాలు చొక్కాలో కుక్కుకుని మోసుకొచ్చేదీ వాళ్ళే, నాయకుడి చక్రం పంక్చరైతే తమ చక్రం ఊడదీసి ఇచ్చేదీ వాళ్ళే. సాయంత్రం ఫలితాల పట్టికలో వాళ్ళ పేర్లు ఎక్కడో అడుగున ఉంటాయి.

సెప్ కుస్ అలాంటివాడు. అమెరికాలో కొలరాడో కొండల్లోని డురాంగో అతని ఊరు. జంబో-విస్మా జట్టు. కొండ ఎక్కడంలో అతనికి సాటి వచ్చేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. ఆ బలమంతా ఇన్నేళ్ళూ ఇతరులకే ధారపోశాడు. మే నెలలో జిరోలో ప్రిమోజ్ రోగ్లిచ్ వెంట ఉన్నాడు, రోగ్లిచ్ గెలిచాడు. జూలైలో టూర్‌లో యోనాస్ వింగెగార్డ్ వెంట ఉన్నాడు, వింగెగార్డ్ గెలిచాడు. ఒకే ఏడాదిలో మూడో పెద్ద పందేనికి, మళ్ళీ ఆ ఇద్దరి కోసమే, వుయెల్టాకు వచ్చాడు. ఏడాదిలో రెండు తొక్కితేనే మనిషి పీల్చుకుపోతాడు సుబ్బూ. మూడోది అంటే...

సరే, ఆగస్టు 31కి వస్తాను. ఆరో రోజు పందెం. మా ఇంటి కింద చిన్న బారు ఉంది, మధ్యాహ్నం అక్కడే టీవీ చూస్తాను. రోజూ కూర్చునే పెద్దాయన ఒకరున్నారు, పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ చూస్తారు. గింజల పొట్టు వేసే పళ్ళెం నిండితే పందెం బాగుందని లెక్క.

మామూలుగా ఏమవుతుందంటే, పొద్దున్నే ఐదారుగురు గుంపును వదిలి ముందుకు ఉరుకుతారు. పట్టికలో బాగా వెనకబడినవాళ్ళు కాబట్టి వెనక గుంపు పట్టించుకోదు, తాడు వదిలినట్టు కొంత దూరం వదిలి, సాయంత్రానికి లాగేసుకుంటుంది. ఆ రోజు మాత్రం నలభై మందికి పైగా వెళ్ళిపోయారు! అందులో కుస్ ఉన్నాడు. అతని జట్టువాళ్ళు ఇంకో ముగ్గురు ఉన్నారు. మికెల్ లాండా ఉన్నాడు (ఈ పేరు గుర్తుపెట్టుకో). మార్క్ సోలెర్ ఉన్నాడు, ఇరవై ఏళ్ళ ఫ్రెంచి కుర్రాడు లెనీ మార్టినెజ్ ఉన్నాడు. అంత మంది వంతులేసుకుని గాలి పంచుకుంటుంటే వెనక నుంచి పట్టుకునేదెవరు? ఎర్ర జెర్సీ అప్పుడు బెల్జియం కుర్రాడు రెమ్కో ఎవెనెపూల్ దగ్గర ఉంది. కాబట్టి తరమాల్సిన బరువంతా అతని జట్టు మీద పడింది. జంబో వాళ్ళకేమి, తమవాళ్ళు నలుగురు ముందుంటే వెనక చెమటోడ్చాల్సిన అవసరం ఏముంది? గాలిచాటున హాయిగా కూర్చున్నారు. ఎవెనెపూల్ జట్టు మనుషులు ఒక్కొక్కరే అలసి పక్కకు తప్పుకుంటుంటే నాకు వేసవిలో చెరువు ఎండటం చూస్తున్నట్టు అనిపించింది.

చివర హవలాంబ్రె కొండ. పైన నక్షత్రాలను పరిశీలించే కేంద్రం ఉంది. ఆ ఎక్కుడులో కుస్ ఒంటరిగా లేచాడు. నేనేమనుకున్నానో చెప్పనా? వెనక నాయకులు వస్తారు, ఇతను ఆగుతాడు, వాళ్ళను లాక్కుంటూ పోతాడు అనుకున్నాను. అతని పని అదే కదా ఎప్పుడూ. ఆగలేదు! మార్టినెజ్ కన్నా 26 సెకన్ల ముందు గీత దాటాడు. చివరి మీటర్లలో అంచున నిలబడ్డవాళ్ళ చేతులు తడుముకుంటూ పోయాడు, పెళ్ళి ఊరేగింపులో కుర్రాడిలా. వెనక రోగ్లిచ్, వింగెగార్డ్ కలిసి దాడి చేసి ఎవెనెపూల్‌ను అరనిమిషం వెనక్కి నెట్టారు.

సాయంత్రం పట్టిక చూస్తే మార్టినెజ్‌కు ఎర్ర జెర్సీ. వుయెల్టా చరిత్రలోనే అంత చిన్న వయసులో అది వేసుకున్నవాడు లేడు. రెండో స్థానంలో కుస్, 8 సెకన్ల తేడా. ఎవెనెపూల్, రోగ్లిచ్, వింగెగార్డ్ అందరూ కుస్‌కు రెండున్నర నిమిషాలకు పైగా వెనక. పెద్దాయన పళ్ళెం పక్కన పెట్టి, "ఇక ఈ పందెం వేరు" అన్నారు. నేను ఆ మాట అంత పట్టించుకోలేదు. ఒక్క మధ్యాహ్నం సంపాదించిన సమయం రెండు వారాలు నిలుస్తుందా?

నిలిచింది. ఎనిమిదో రోజు ఎర్ర జెర్సీ కుస్ ఒంటి మీదకు వచ్చింది. వల్లడొలిద్‌లో ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రోజున పోతుందనుకున్నారు, పోలేదు. తరువాత టూర్మలే కొండ ఎక్కే రోజు, సెప్టెంబర్ 8. ఎవెనెపూల్ దానికన్నా ముందు వచ్చిన కొండలోనే కుప్పకూలాడు, ఏకంగా 27 నిమిషాలు పోయాయి. శిఖరం మీద వింగెగార్డ్ మొదట, కుస్ రెండు, రోగ్లిచ్ మూడు. మొత్తం పట్టికలోనూ ఆ ముగ్గురే పైన, కుస్ మొదట.

ఇక్కడే నా గుండెల్లో రాయి పడింది. ఇప్పటిదాకా పోటీ ఇతర జట్లతో. ఇకమీదట ఎవరితో? అతను గాలికి అడ్డం నిలబడి గెలిపించిన ఇద్దరితోనే. ఒకడు ఆ ఏడాది జిరో విజేత, ఒకడు టూర్ విజేత. వాళ్ళ కోసం వచ్చిన మనిషి వాళ్ళకు ముందున్నాడు. జట్టు ఏం చేయాలి? ఆ ఆరో రోజు లేకపోతే ఈ ప్రశ్నే లేదు. కుస్ ఎప్పటిలాగే ముందుండి లాగేవాడు, ఇద్దరిలో ఒకరు గెలిచేవారు, నేను నీకు ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

సెప్టెంబర్ 12న బెహెస్ కొండ మీద వింగెగార్డ్ ఒంటరిగా గెలిచి తేడాను 29 సెకన్లకు తెచ్చాడు. ఆ రోజు పొద్దున వాళ్ళ జట్టు మనిషి ఒకరికి ఇంటి దగ్గర కారు ప్రమాదం జరిగింది, ఆ బాధలో తొక్కాడు, గెలుపు అతనికే అంకితమిచ్చాడు. అందుకని నోరు మూసుకున్నాను. కానీ మర్నాడు అంగ్లిరు.

సుబ్బూ, అంగ్లిరు గురించి ఎలా చెప్పను? 12 కిలోమీటర్ల పైన ఎక్కుడు, చివర్లో ఒకచోట వాలు 23 శాతం దాటుతుంది. మన కోటప్పకొండ మెట్లకు తారు పోసి సైకిలు తొక్కమన్నట్టు. ఆ రోజు కుస్ పుట్టినరోజు. 29 నిండాయి. ఎర్ర జెర్సీ ఒంటి మీద ఉంది. రోగ్లిచ్, వింగెగార్డ్ ముందుకు సాగారు, కుస్ తెగిపోయాడు. వాళ్ళు వెనక్కి చూసుకుంటూ కూడా ఆగలేదు. టీవీలో అతని ముఖం దగ్గరగా చూపించారు. నోరు తెరుచుకుని ఉంది, భుజాలు పక్కలకు ఊగుతున్నాయి, కళ్ళు మాత్రం ముందు చక్రం నుంచి కదలడం లేదు. ముందు చక్రం ఎవరిది? లాండాది! వేరే జట్టువాడు, బాస్క్ ప్రాంతపు మనిషి. సొంతవాళ్ళు వదిలేసిన చోట పరాయి జట్టువాడి చక్రం పట్టుకుని ఎక్కాడు సుబ్బూ.

నేను చూడలేక బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. పందెం పందెమే, బలమున్నవాడు వెళ్తాడు, రోగ్లిచ్ మూడుసార్లు వుయెల్టా గెలిచినవాడు, నాలుగోది కావాలనుకోవడం తప్పా అని నాకు నేనే వాదించుకున్నాను. ఆ వాదనంతా నిజమే. అయినా కడుపు మండింది. లోపల పెద్దాయన బల్ల మీద చరిచి "ఓచో! ఓచో!" అని అరిచారు. ఓచో అంటే ఎనిమిది. రోగ్లిచ్, వింగెగార్డ్ కన్నా 19 సెకన్లు వెనకగా కుస్ మూడోవాడిగా చేరాడు. ఎర్ర జెర్సీ ఇంకా అతనిదే, 8 సెకన్ల తేడాతో.

ఆ అంకె చూడు. హవలాంబ్రెలో జెర్సీకి 8 సెకన్ల దూరంలో నిలిచాడు, అంగ్లిరులో 8 సెకన్లతో దాన్ని నిలుపుకున్నాడు. ఆ మధ్యాహ్నం కొండ మీద ఇంకో 10 సెకన్లు తక్కువ కష్టపడి ఉంటే...

మర్నాటి నుంచి జట్టు దారికొచ్చింది. ఇద్దరు నాయకులూ కుస్ కోసం తొక్కారు. తేడా 17 సెకన్లయింది, చివరిదాకా అదే మిగిలింది. శనివారం గ్వాదర్రామాలో ముగ్గురూ పక్కపక్కనే గీత దాటారు. వింగెగార్డ్ 17 సెకన్ల వెనక రెండు, రోగ్లిచ్ 1 నిమిషం 8 సెకన్ల వెనక మూడు. ఒకే జట్టు ఒకే ఏడాది మూడు పెద్ద పందేలూ గెలవడం ఇదే మొదటిసారి. మూడింటిలోనూ ఉన్నది ఎవరో తెలుసుగా.

నిన్న సిబెలెస్ కూడలికి మధ్యాహ్నమే వెళ్ళి కంచె పట్టుకుని నిలబడ్డాను, చిన్నదాన్ని భుజాల మీద ఎక్కించుకుని. గుంపు వచ్చే ముందు శబ్దం వస్తుంది సుబ్బూ, తేనెపట్టు కదిలినట్టు. తరువాత గాలి మొహాన కొడుతుంది, అంత మంది కలిసి మోసుకొచ్చే గాలి. ఆ గాలిలో ఎర్ర చొక్కా ఒకటి. నేను అరిచానట, నాకు తెలియదు, చిన్నది చెప్పింది.

ఇంటికొచ్చాక అమ్మకు ఫోను చేసి ఆ స్టీలు క్యారేజీ ఎక్కడుందని అడిగాను. కాలేజీ సైకిల్ పందెంలో నాకిచ్చినది. ఇంకా వంటింటి అటక మీదే ఉందట, నా పేరు చెక్కి ఉంది కదా. ఆ రోజు తూము దాటేదాకా గాలంతా నువ్వే తిన్నావు. చివరి మలుపులో నన్ను "పో" అన్నావు, నేను పోయాను. వెనక్కి తిరిగి చూడలేదు. ఇన్నేళ్ళూ దాన్ని నేను గెలిచిందనే అనుకున్నాను, నువ్వూ ఒక్కసారీ ఎత్తలేదు. అమ్మకు చెప్పాను, నువ్వు ఈసారి తెనాలి వెళ్ళినప్పుడు నీకివ్వమని. వద్దనకు. సంకోచపడితే అమ్మే బాధపడుతుంది. పేరు సంగతి నేను వచ్చినప్పుడు

రావుగారు వచ్చేశారు, చేతిలో పెట్టె పట్టుకుని నిలబడే ఉన్నారు. సిబెలెస్ దగ్గర తీసిన ఫోటో ఒకటి లోపల పెడుతున్నాను. మసకగా ఉంది. మధ్యలో ఎర్రటి గీతలా కనిపించేది అతనే. లాండా గురించి ఇంకా ఉంది, మళ్ళీ రాస్తాను.

నీ
రాజు