ఆ మూడు రసీదులు వెనక్కి తీసుకుంటున్నాం

తొలినాటి సినిమావాళ్లు సంతకాలు పెట్టిన వ్యాపార కాగితాలను మా రాజమండ్రి కొట్టులో కొనేవారందరికీ నమస్కారం.

పోయిన శ్రావణంలో మేం అమ్మిన మూడు రసీదులు నకిలీవి. మూడింటి మీదా 1935 తేదీ, ఒకే నిర్మాత సంతకం ఉన్నాయి. కొన్న ముగ్గురికీ ఫోన్ చేశాం. ఇచ్చిన డబ్బంతా తిరిగి ఇస్తాం, పోస్టు ఖర్చు మాదే.

ఆ రోజుల్లో రసీదు ఇరవై రూపాయలు దాటితే అణా రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం చేసేవారు. వీటి మీదా అలాగే ఉంది. కానీ స్టాంపులో రాజుకి గడ్డం లేదు. 1935లో రాజు గడ్డమున్న ఐదో జార్జి. గడ్డం లేని ఆరో జార్జి గద్దె ఎక్కిందే 1936 డిసెంబరులో! సంతకం సిరా సరిగ్గా ముఖం మీదుగా పోయింది. పదింతల భూతద్దం పెడితే గానీ తేలలేదు. ఆ భూతద్దం అమ్మకముందే పెట్టాల్సింది. అది మా తప్పే.

కాగితం మాత్రం పాతదే. సుమారు 1950 నుంచి కాగితంలో తెల్లదనానికి కలుపుతున్న రసాయనం యూవీ లైటు కింద నీలంగా మెరుస్తుంది. ఇవి మెరవలేదు, మేం నమ్మేశాం. పాత చిట్టా పుస్తకంలో మిగిలిన ఖాళీ పేజీ చింపి రాస్తే ఆ పరీక్ష పనికిరాదు. మడతలు చూడాలి. మడత పడి నలిగిన చోట రాస్తే విరిగిన పోగుల్లోకి సిరా పాకి, గీతకి సన్నని కాళ్లు వస్తాయి. రాసిన తర్వాత మడిస్తే గీత అక్కడ విరుగుతుందే తప్ప పాకదు. ఒక్క రసీదైతే ముందే మడిచిన కాగితమేమో అనుకోవచ్చు. మూడింటికీ కాళ్లున్నాయి.

ఇచ్చిన వ్యాపారి ఆరేళ్లుగా మాకు సరుకిస్తున్న మనిషి. ఏదో పంపిణీ ఆఫీసు బీరువాలోవన్నాడు. ఆ మాటే రాసి సంతకం పెట్టమంటే ఫోన్ ఎత్తడం లేదు.

అతని దగ్గర కొన్నవే ఇంకో ఏడున్నాయి: రెండు పంపిణీ ఒప్పందాలు, ఐదు ప్రామిసరీ నోట్లు. వాటిలో తప్పు దొరకలేదు. ఏం చేయాలో తోచక వారం రోజులు నిద్ర లేదు. తిరిగిచ్చేస్తే రేపు ఇంకొకరికి అంటగడతాడు. చింపేస్తే, వాటిలో ఒక్కటి అసలుదైనా ఎంత పాపం! సి. పుల్లయ్య గారు కాకినాడలో మూకీ తీశారు. నిడమర్తి సూరయ్య గారు 1936లో ఈ ఊళ్లోనే దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టారు. ఆ కాలపు కాగితాల్లో చెదలూ, చెమ్మా, గోదావరి వరదలూ తినగా మిగిలినవెన్ని? అందుకని చింపం, అమ్మం. వెనకవైపు మెత్తని పెన్సిలుతో ‘సందేహం’ అని రాసి బీరువాలో పెట్టేశాం. పెట్టిన డబ్బు పోతే పోయింది.

నకిలీ అమ్ముతారన్న మాట మా కొట్టు మీద ఇంతవరకూ పడలేదు. ఇక నుంచి ప్రతి కాగితానికీ ముందు, వెనక, వెలుతురుకి ఎత్తిపట్టి తీసిన ఫొటోలూ, స్టాంపు పెద్దది చేసిన ఫొటో, ఎవరింటి నుంచి వచ్చిందో వాళ్లు రాసిచ్చిన కాగితమూ జతచేసి ఇస్తాం. అవి లేని సరుకు ఎంత చవకగా వచ్చినా కొనం. దాంతో మీరడిగినవి దొరకడం ఆలస్యమవుతుంది, కాస్త ఓపిక పట్టండి.

ఆ ముగ్గురికీ ఒక మాట. ఫ్రేము కట్టించినా, లామినేషన్ చేయించినా తీసుకుంటాం. సెల్లోటేపు ఉంటే మాత్రం పీకకండి, అలాగే పంపండి.