టెక్నాలజీకీ ఒక విలేకరి కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ తిరుపతి ఎడిషన్‌లో క్రైమ్‌కు విలేకరి ఉన్నారు, తిరుమల వార్తలకు ప్రత్యేకంగా ఉన్నారు, రాజకీయాల సంగతి సరేసరి. టెక్నాలజీకి మాత్రం ఎవరూ ఉన్నట్టు లేరు. వారానికోసారి ఒక పేజీ వస్తుంది. కొత్త ఫోన్ కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో, బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో అందులో ఉంటుంది. కంపెనీ ప్రెస్‌నోట్‌ను తెలుగు చేసినట్టు తెలిసిపోతూనే ఉంటుంది. ఫోన్ కొనేవాళ్లు ఆ వివరాలు షాపులోనే కనుక్కుంటారు. కొన్నాక వచ్చే తిప్పల గురించి చెప్పేవాళ్లే లేరు.

బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడుపుతున్నాను కాబట్టి ఆ తిప్పలన్నీ నా కౌంటర్ దగ్గరికే వస్తాయి. మూడు వందల రూపాయల దర్శనం టికెట్ల కోటా వదిలే రోజు పొద్దున్నే జనం వచ్చి నా కుర్చీ వెనకాల నిలబడతారు. తెర మీద వర్చువల్ క్యూ అని వస్తుంది, ఇంకా ఇన్ని నిమిషాలు అని చూపిస్తుంది. తీరా లోపలికి పోతే కావాల్సిన తేదీ నిండిపోయి ఉంటుంది. “ఇంకో సైట్లో ఉన్నాయంట, ఇది చూడన్నా” అని ఎవరో ఒకరు ఫోన్ ముందుకు చాపుతారు. గోపురం బొమ్మ, నామాలు, రంగులు అన్నీ అసలు సైటులాగే ఉంటాయి. అడ్రసులో ‘ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ మాత్రం ఉండదు. అది చూపిస్తే కొందరు ఆగుతారు. ఇంకొందరు, నాకు బేరం పోతుందని అలా చెబుతున్నాననుకుని వెళ్లిపోతారు.

మర్నాడు మీ పత్రికలో ‘నిమిషాల్లో టికెట్లు ఖాళీ’ అని వస్తుంది. ఎలా ఖాళీ అయ్యాయి? ఆ క్యూలో ముందూ వెనకా ఎలా తేలుతుంది? మనుషుల బదులు సాఫ్ట్‌వేర్ బుక్ చేసేయకుండా ఏం జాగ్రత్తలున్నాయి? నకిలీ సైట్లు గూగుల్‌లో పైకి ఎలా వస్తున్నాయి? ఇదంతా కనుక్కునే తీరిక కొండ మీద విలేకరికి ఉండదు. క్రైమ్ విలేకరికేమో కేసు కడితే గానీ అది వార్త కాదు.

ఇంకో సంగతి. 2023 మార్చి నుంచి తిరుమలలో గదుల కేటాయింపు దగ్గర, వైకుంఠం 2 క్యూ కాంప్లెక్స్‌లో ముఖాన్ని గుర్తించే కెమెరాలు పెట్టారు. దళారుల ఆట కట్టించడానికి పెట్టారు, మంచిదే. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా అదే ఏడాది ఆగస్టులో వచ్చింది. భక్తుల ఫొటోలు ఎవరి దగ్గర, ఎంతకాలం ఉంటాయో మామూలు మనిషికి అర్థమయ్యేలా రాసిన వార్త నా కంటపడలేదు. అమెరికాలో న్యూయార్క్ టైమ్స్ విలేకరి కశ్మీర్ హిల్ ఇలాంటి ప్రశ్నలే పట్టుకుని తిరిగారు. జనం నెట్లో పెట్టుకున్న మూడు వందల కోట్లకు పైగా ఫొటోలను క్లియర్‌వ్యూ అనే కంపెనీ పోగేసి, వాటితో మనుషుల్ని గుర్తుపట్టే యాప్‌ను పోలీసులకు ఇస్తోందని 2020 జనవరిలో ఆమె రాస్తేనే లోకానికి తెలిసింది.

ఇలాంటివి రాయడానికి ఇంజినీర్లే కావాలని మీ డెస్కులో ఎవరైనా అంటే, వాల్టర్ మాస్‌బర్గ్ గురించి చెప్పండి. ఆయన వాల్ స్ట్రీట్ జర్నల్‌లో రెండు దశాబ్దాలు రక్షణ శాఖ, విదేశాంగం లాంటి వార్తలు రాసి, 1991లో కంప్యూటర్ల కాలమ్ మొదలుపెట్టారు. కంప్యూటర్లు వాడటం మరీ కష్టంగా ఉంది, తప్పు మీది కాదు అన్నదే దాని మొదటి మాట. మన దేశంలో నిఖిల్ పాహ్వా 2008లో మీడియానామా అనే వార్తల వెబ్‌సైటు పెట్టుకుని ఇంటర్నెట్ విధానాల మీదే రాస్తూ వచ్చారు. 2015లో నెట్ న్యూట్రాలిటీ, అంటే నెట్‌లో అన్ని సైట్లనూ ఒకేలా చూడాలన్న సూత్రం మీద గొడవ వచ్చినప్పుడు దాన్ని జనానికి విడమరిచి చెప్పినవాళ్లలో ఆయన ముందున్నారు. పది లక్షలకు పైగా ఈమెయిళ్లు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి వెళ్లాయి. ఒక్కో వెబ్‌సైటుకు ఒక్కో రేటు పెట్టకూడదని 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ తేల్చేసింది.

మన దగ్గర కుర్రకారుకు ఈ దారి కనిపించదు. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగం ఉంది. అక్కడ చదివిన అమ్మాయి నేను టెక్నాలజీ మీదే రాస్తానంటే తెలుగులో ఆమెకు ఉద్యోగం ఎక్కడుంది? యూట్యూబ్ చానల్‌లో థంబ్‌నెయిల్‌కు మాటలు రాసే పని దొరుకుతుందేమో. ఆ యూట్యూబ్ లోకం గురించైనా ఎవరు రాస్తున్నారు కనుక! 2024 జులైలో తమిళనాడు యూట్యూబర్ ఒకతను తిరుమల క్యూలో ప్రాంక్ వీడియో తీస్తే కేసు సంగతి చదివాం. అలాంటి వీడియోకు డబ్బు ఎటు నుంచి వస్తుందో, మన పిల్లలు దాన్ని ఎందుకంత ఎగబడి చూస్తారో చదవలేదు.

ఈ పనిని మండల కంట్రిబ్యూటర్లకు లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన డబ్బిచ్చే పద్ధతిలో అప్పగిస్తే జరగదు. నకిలీ సైటు గుట్టు తెలుసుకోవాలంటే బ్యాంకు, సైబర్ పోలీసులు, మోసపోయినవాళ్లు అంటూ వారం తిరగాలి. చివరికి అచ్చయ్యేది పావు పేజీ, ఆ లెక్కన చేతికొచ్చేది పెట్రోలుకు చాలదు. జీతం ఇచ్చి జిల్లాకు ఒకరిని పెట్టండి. వార్త కింద ‘టెక్ డెస్క్’ అని కాకుండా వాళ్ల పేరు వేయండి. తప్పు రాస్తే ఎవరిని అడగాలో మాకు తెలుస్తుంది, బాగా రాస్తే నా కౌంటర్ అద్దానికి అంటించుకుంటాను.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
తిరుపతి