ఖాతా ఉంది, పాపను చూసే మనిషే లేదు

సంపాదకుడి గారికి నమస్కారం.

మహిళా దినోత్సవం నాడు మీరు వేసిన ప్రత్యేక పేజీ మొత్తం చదివాను. డ్వాక్రా లోనుతో పచ్చళ్ల వ్యాపారం పెట్టినావిడ, పొలాల మీద డ్రోను ఎగరేసే అమ్మాయి, అందరూ బాగున్నారు. ఒక్కటే లోటు. ఆ పేజీలో ఒక్కరి చంకలో కూడా బిడ్డ లేదు.

పల్నాడు జిల్లాలోని మా ఊళ్లో పదకొండేళ్లుగా పొదుపు సంఘాల లెక్కలు రాస్తున్నాను. ఎవరు ఎంత కట్టారు, ఎవరి కిస్తీ ఆగింది, మీటింగుకు ఎవరు రాలేదు, అన్నీ నా పుస్తకంలో ఉంటాయి. రానివాళ్లకు పది రూపాయల జరిమానా. పోయిన ఏడాది ఒకమ్మాయి వరసగా నాలుగు మీటింగులకు రాలేదు, నలభై రూపాయలు రాశాను. తర్వాత వాళ్ల ఇంటికి వెళ్తే సంగతి తెలిసింది. పది నెలల పాపకు విరేచనాలు తగ్గడం లేదు. భర్త సెంట్రింగ్ పనికి హైదరాబాదు వెళ్లాడు. పాపను ఒక గంట పట్టుకునే మనిషి ఇంట్లో లేదు. కిస్తీ మాత్రం ఒక్కటీ తప్పలేదు. మా రికార్డుల్లో ఆమె మంచి సభ్యురాలు. బిడ్డ సంగతి రాసుకోవడానికి ఆ పుస్తకంలో గడే లేదు.

ఇప్పుడు మా దగ్గర మిరప కోతలు నడుస్తున్నాయి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చి చేల దగ్గర టార్పాలిన్ పట్టాలు కట్టుకుని ఉంటాయి. పొద్దున ఏడింటికల్లా ఆడవాళ్లు చేలో ఉంటారు. గట్టు మీద వేపచెట్టుకు చీర ఉయ్యాల. పిల్ల ఏడిస్తే తల్లి వెంటనే ఎత్తుకోలేదు. పొద్దుటి నుంచి కాయ కోసిన చేతులవి, ఆ చెయ్యి పిల్ల కంటికి తగిలిందా, ఇక సాయంత్రం దాకా ఏడుపే. ముందు నూనె రాసుకోవాలి, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి, ఆ తర్వాతే పాలు. కూలీ కిలో లెక్కన అయితే, పాలిచ్చిన ప్రతిసారీ రెండు మూడు కిలోల కాయ పోయినట్టే. అందుకని మధ్యాహ్నం దాకా బిస్కెట్టు ముక్కతో సరిపెడతారు. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

ఉయ్యాల ఊపేది ఎవరనుకున్నారు? ఎనిమిదేళ్ల అక్క. వలసపోయే వాళ్ల బడి పిల్లల కోసం కర్నూలు వైపు ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. నేను మాట్లాడిన ఒక తల్లి కొడుకును అక్కడే వదిలి, కూతురిని వెంట తెచ్చుకుంది. ఎందుకని అడిగితే, ‘చిన్నోడిని ఎవరు చూస్తారక్కా?’ అంది. అంటే ఆ తల్లి చేతికి కూలి డబ్బులు రావడానికి పెట్టుబడి ఆ పిల్ల చదువు. రేపు ఆ పిల్లకు పదహారేళ్లకే పెళ్లి చేస్తే మళ్లీ మనమే ఆశ్చర్యపోతాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. దేశం సగటు 23.3.

అదే సర్వేలో ఇంకో రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో సొంతంగా వాడుకునే బ్యాంకు ఖాతా ఉన్న ఆడవాళ్లు 2015-16లో నూటికి 66 మంది, ఐదేళ్లలో 82 మంది అయ్యారు. ఆ ఐదేళ్లలోనే వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు, అంటే ఐదేళ్ల లోపు వాళ్లు, 31.4 శాతం నుంచి 31.2కు తగ్గారు. తగ్గారు అనడానికి కూడా నోరు రావడం లేదు. తెలంగాణలో అయితే 28 నుంచి 33కు పెరిగారు. ఖాతాలు వద్దని నేననను, పుస్తకాలు రాసేదాన్ని. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం నాటి నుంచీ ఈ నేల మీద ఆడవాళ్లు పోరాడింది కూలి డబ్బు పిల్లల కంచంలోకి రావాలనే. డబ్బు ఇప్పుడు ఇంటిదాకా వస్తోంది. దాన్ని ముద్దగా కలిపి, రోజుకు నాలుగుసార్లు కూర్చోబెట్టి తినిపించే మనిషి ఎక్కడ?

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. ఉంది. కానీ అక్కడ రోజంతా కూర్చునేది మూడేళ్లు నిండిన పిల్లలు. అంతకంటే చిన్నవాళ్లకు ఇంటికిచ్చే సరుకుల్లో రెండున్నర కిలోల బాలామృతం పిండి ప్యాకెట్టు ఉంటుంది. దాన్ని ఇంట్లో పెద్ద పిల్లలు చక్కెర పొడిలా గుప్పిళ్లతో తినేయడం చూడని వాళ్లు మా ఊళ్లో లేరు. పైగా కేంద్రం తెరిచేది తొమ్మిదింటికి, కూలీల ఆటో వెళ్లేది ఆరున్నరకు. మెదడు ఎదిగేది, ఎత్తు నిర్ణయమయ్యేది చాలావరకు మొదటి రెండు మూడేళ్లలోనే అని మనకు ట్రైనింగుల్లో చెబుతూనే ఉంటారు. సరిగ్గా ఆ వయసు పిల్లలకే పగటిపూట చోటు లేదు.

ఆడవాళ్లు పని మానేసి ఇంట్లో ఉంటే సరిపోదా అని మా ఊరి పెద్దాయన ఒకరు అన్నారు. కూలి ఆగితే ఆ ఇంట్లో గుడ్డు, పాలు కూడా ఆగుతాయి. ఆ మాట ఆయనకూ తెలుసు, వాళ్ల చేలో కోతకు వచ్చేదీ ఈ తల్లులే.

అలాగని ఈ పని కూడా అంగన్‌వాడీ టీచర్ల నెత్తిన వేయొద్దు. జీతాల కోసం 2023-24లో 42 రోజులు సమ్మె చేసి, సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం దాకా చూసినవాళ్లు. వేరే మనిషిని పెట్టాలి, ఆమెకు కూలీ ఇవ్వాలి. ఇది కొత్త ఆలోచనేం కాదు. 2005 ఉపాధి హామీ చట్టంలోనే, పనిచోట చిన్నపిల్లలు ఐదుగురు ఉంటే వాళ్లను చూడడానికి ఒక మహిళను పెట్టి మిగతావాళ్లతో సమానంగా కూలీ ఇవ్వాలని రాశారు. మా మండలంలో అది అమలైన రోజు నేను చూడలేదు, అది వేరే సంగతి. పక్కన కర్ణాటకలో పంచాయతీల్లో ‘కూసిన మనె’ పేరుతో కూలి తల్లుల పిల్లలకు కేంద్రాలు పెట్టారు. ఆదోని దాటితే బళ్లారే కదా, మన అధికారులు ఒకసారి వెళ్లి చూసి రావచ్చు.

డబ్బు ఎక్కడిదంటారా? గుంటూరు మిర్చి యార్డులో అమ్ముడయ్యే సరుకు మీద మార్కెట్ సెస్సు వసూలవుతుంది. ఆ మిర్చి బస్తాల్లోని ప్రతి కాయా ఈ తల్లులు కోసిందే. అందులో కొంత పక్కనపెట్టి, జనవరి నుంచి ఏప్రిల్ దాకా వలస కూలీలు దిగే ఊళ్లలో ఒక్కో గది, ఇద్దరు ఆడవాళ్లు, ఒక గ్యాస్ స్టవ్ ఏర్పాటు చేయాలని జిల్లా యంత్రాంగాన్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. తెల్లారి ఆరింటికే తెరవాలి. ఆ ఇద్దరినీ సంఘాల నుంచే తీసుకోవచ్చు. మా ఊళ్లో చేస్తామన్నవాళ్లు ఇప్పటికే ఏడుగురున్నారు, పేర్లు రాసిపెట్టాను. ఆ జాబితాలో మొదటి పేరు నేను నలభై రూపాయలు జరిమానా వేసిన అమ్మాయిది.

ఇట్లు,
పొదుపు సంఘాల లెక్కలు రాసే ఒక పాఠకురాలు,
పల్నాడు జిల్లా